కార్డు కొనే ముందు మీ తెర చూడండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: కంప్యూటర్ శీర్షిక

ఈసారి తీసుకున్న ఉత్తరాలన్నీ గ్రాఫిక్స్ కార్డు చుట్టూ తిరిగినవే. మొదటి ఉత్తరంలోని సందేహం చాలామందికి ఉన్నదే కాబట్టి దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లెటూరండి. 2021లో కొన్న డెస్క్‌టాప్‌లో ఇంటెల్ కోర్ ఐ5-10400 ప్రాసెసర్, ఒకే స్టిక్‌గా 8 జీబీ ర్యామ్, క్యాబినెట్‌తో పాటే వచ్చిన 450 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉన్నాయి. మానిటర్ 22 అంగుళాలది, ఫుల్ హెచ్‌డీ, 75 హెర్ట్జ్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఉద్యోగంలో చేరాక కూడబెట్టిన ముప్పై అయిదు వేలు చేతిలో ఉన్నాయి. దుకాణంలో అడిగితే ఇంకో ఇరవై వేలు కలిపి 16 జీబీ కార్డు తీసుకోమన్నారు, లేకపోతే కొత్త ఆటలు నడవవన్నారు. నాకు కావలసింది ఆట కుదుపులు లేకుండా సాగడం. ఎంత శక్తి గల కార్డు సరిపోతుంది?

జవాబు: ఆ ఇరవై వేలు కలపకండి. దుకాణదారు చెప్పినది చెడ్డ కార్డు కాదు గాని, మీ ఇంట్లో ఇప్పుడున్న మానిటర్‌కూ ప్రాసెసర్‌కూ అది అందించే శక్తిలో చాలా భాగం మీకు కనిపించకుండానే ఉండిపోతుంది. పైగా మీ సొమ్మంతా కార్డుకే పోతే, దానికన్నా ముందు సరిచేయవలసిన రెండు లోపాలు అలాగే మిగిలిపోతాయి.

గ్రాఫిక్స్ కార్డు చేసే పని తెర మీది ప్రతి చుక్కకూ ఏ రంగు వేయాలో లెక్క కట్టడం. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చొప్పున మొత్తం 20,73,600 చుక్కలు ఉంటాయి. 2560×1440 తెరలో 36,86,400, ఫోర్‌కే తెరలో 82,94,400 ఉంటాయి. అంటే ఫోర్‌కే తెర మీ తెరకు సరిగ్గా నాలుగింతలు. ఫోర్‌కే మానిటర్ ఉన్నవాడు కొన్న కార్డు మీకెందుకు అక్కర్లేదో ఈ లెక్కలోనే ఉంది. ఇక 75 హెర్ట్జ్ అంటే ఆ తెర సెకనుకు 75 సార్లు మాత్రమే బొమ్మ మార్చగలదని అర్థం. కార్డు సెకనుకు 140 ఫ్రేములు, అంటే బొమ్మలు, తయారుచేసినా మీ కంటికి చేరేవి 75 మాత్రమే. అందుచేత మీ ప్రశ్నను ఇలా మార్చుకోండి: ఫుల్ హెచ్‌డీలో, సెకనుకు 60 నుంచి 75 ఫ్రేములు నిలకడగా ఇచ్చే కార్డు ఏది?

నిలకడ అన్న మాటను నేను కావాలనే వాడాను. సమీక్షల్లోనూ ప్రకటనల్లోనూ సగటు ఫ్రేముల సంఖ్యనే ముందు చూపిస్తారు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఒక సెకనులో 58 ఫ్రేములు 15.5 మిల్లీసెకన్ల చొప్పున చకచకా వచ్చి, ఒక్కటి మాత్రం 101 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. లెక్కలో 59 ఫ్రేములు కనిపిస్తాయి, కాని మీరు మలుపు తిరిగే క్షణంలో బొమ్మ బిగుసుకుపోయి చటుక్కున ముందుకు దూకుతుంది. మీరు కుదుపు అంటున్నది దానినే. కాబట్టి ఏ సమీక్ష చూసినా సగటు పక్కనే ఇచ్చే ‘1% లో (low)’ అనే అంకెను, అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగాన్ని, తప్పక చూడండి. సగటు 90 ఉండి ఆ అంకె 35కు పడిపోయే కార్డు కంటే, సగటు 75 ఉండి ఆ అంకె 58 దగ్గర నిలిచే కార్డుతోనే ఆట సాఫీగా ఉంటుంది.

ఈ కుదుపులకు కార్డు ఒక్కటే కారణం కాదు. ప్రధాన కాలువలో ఎంత నీరున్నా తూము సన్నగా ఉంటే చేలోకి వచ్చే నీరు అంతేనని మన రైతులకు చెప్పనక్కర్లేదు. మీ కంప్యూటర్‌లో ఆ సన్నటి తూము ర్యామ్. నేటి పెద్ద ఆటలకు 8 జీబీ చాలదు. అదీగాక ఒకే స్టిక్ ఉండటం వల్ల ప్రాసెసర్‌కు మెమరీతో ఉన్న రెండు దారుల్లో ఒకటి ఖాళీగా పడి ఉంటుంది. ఇప్పుడున్న దానికి సరిజోడుగా, అదే వేగం గల మరో 8 జీబీ డీడీఆర్4 స్టిక్ వేయించండి. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు గల మీ ప్రాసెసర్ మీరు కోరుకునే వేగానికి ఇంకా పనికివస్తుంది. దానిని మార్చవద్దు.

రెండో లోపం ఎస్ఎంపీఎస్, అంటే కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె. దాని మీద అంటించిన 450 అనే అంకెను నమ్మకండి. పక్కన ఉండే పట్టికలో ప్లస్ 12 వోల్టుల గడి చూడండి, ఎందుకంటే గ్రాఫిక్స్ కార్డూ ప్రాసెసరూ తమ కరెంటును దాదాపు పూర్తిగా అక్కడి నుంచే తీసుకుంటాయి. ఆ గడిలో 18 ఆంపియర్లు అని ఉంటే 12ను 18తో గుణించండి, 216 వాట్లే వస్తాయి. మదర్‌బోర్డు మీద కార్డును బిగించే స్లాటు నుంచి కార్డుకు 75 వాట్ల వరకు, ఎనిమిది పిన్నుల వైరు నుంచి మరో 150 వాట్ల వరకు అందాలి. క్యాబినెట్‌తో వచ్చే ఎస్ఎంపీఎస్‌లలో చాలావాటికి ఆ ఎనిమిది పిన్నుల వైరే ఉండదు. అప్పుడు పాత హార్డ్‌డిస్క్ వైర్ల నుంచి కరెంటు లాగే చిన్న కనెక్టర్ ఇచ్చి సర్దుబాటు చేస్తామంటారు. దయచేసి ఒప్పుకోకండి. ఆ వైర్లు అంత కరెంటు కోసం చేసినవి కావు, వేడెక్కి కరిగిపోతాయి. కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ గుర్తు ఉన్న, పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్ఎంపీఎస్ కొనండి. ఈ ఖర్చు దగ్గర చేయి వెనక్కి తీసుకోవద్దని ప్రత్యేకంగా అడుగుతున్నాను. కార్డు చెడిపోతే కార్డు ఒక్కటే పోతుంది, నాసిరకం ఎస్ఎంపీఎస్ చెడిపోతే తనతో పాటు బోర్డునూ కార్డునూ తీసుకుపోగలదు.

ఈ రెండింటికీ పోగా మిగిలిన సొమ్ముతో కార్డు చూద్దాం. మీ తెరకు తగిన వరసలో ఎన్వీడియా నుంచి ఆర్‌టీఎక్స్ 4060, 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060, ఏఎండీ నుంచి ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌ఎక్స్ 7600 ఉన్నాయి. వీటిలో ఆర్‌టీఎక్స్ 4060 వాడకం 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600 వాడకం 132, ఆర్‌టీఎక్స్ 5060 వాడకం 145, ఆర్‌ఎక్స్ 7600 వాడకం 165. నాలుగింటిలోనూ 8 జీబీ మెమరీయే ఉంటుంది. సొమ్ము సరిపోతే ఆర్‌టీఎక్స్ 5060 తీసుకోమనీ, సరిపోకపోతే అప్పు చేయకుండా ఆర్‌ఎక్స్ 7600కో 6600కో దిగిపొమ్మనీ నా సలహా. వాలరెంట్, కౌంటర్‌స్ట్రైక్ వంటి పోటీ ఆటలకు 6600 కూడా మీ మానిటర్ చూపగలిగిన దానికంటే ఎక్కువే ఇస్తుంది.

8 జీబీ చాలదన్న మాటలో కొంత నిజం ఉంది కనుక దానిని దాటవేయను. పెద్ద ఆటల్లో టెక్స్చర్లను, అంటే గోడలూ నేలా వంటి వాటి పైన పరిచే బొమ్మలను, అత్యున్నత స్థాయిలో పెడితే కార్డు మీది మెమరీ నిండిపోయి, మిగిలిన సరంజామా కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళుతుంది. అక్కడి నుంచి మళ్లీ మళ్లీ తెచ్చుకోవలసింది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ద్వారానే. నేను చెప్పిన నాలుగు కార్డులూ స్లాటులోని 16 దారుల్లో ఎనిమిదింటినే వాడుకుంటాయి. మీ పదో తరం ప్రాసెసర్ ఇచ్చేది పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 కాబట్టి ఒక్కో దారి వేగం కూడా 4.0లో ఉండే దానిలో సగమే. అందువల్ల మెమరీ నిండినప్పుడు కొత్త బోర్డు ఉన్నవారికంటే మీకు కుదుపు ఎక్కువగా తెలుస్తుంది. దీనికి విరుగుడు టెక్స్చర్ స్థాయిని ఒక మెట్టు దించడమే. 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద ఆ తేడాను వెతికితే తప్ప పట్టుకోలేరు. అలా దించడం ఇష్టం లేనివారికి, వారంటీతో కొత్తది దొరికితే, 12 జీబీ మెమరీ ఉండి 16 దారులూ వాడుకునే ఆర్‌టీఎక్స్ 3060 ఇంకా మంచి ఎంపికే. వేగంలో అది 4060 కంటే కొంచెం వెనుక ఉంటుంది.

ఇంటెల్ ఆర్క్ బీ580లో కూడా 12 జీబీ మెమరీ ఉంది, కొత్త ప్రాసెసర్ ఉన్నవారికి నేను సంతోషంగా సూచిస్తాను. మీకు మాత్రం వద్దంటాను. దానిని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పాత ప్రాసెసర్ల మీద ఎక్కువ భారం మోపుతుంది, కార్డు మెమరీనంతా ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చే రీసైజబుల్ బార్ అనే సదుపాయం బోర్డు బయాస్‌లో (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్‌లో) లేకపోతే దాని వేగం బాగా పడిపోతుంది. ఇక తక్కువ ధరకు వస్తుందని 4 జీబీ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ తీసుకోకండి. అది వాడుకునేవి నాలుగే దారులు, మీ బోర్డు మీద మరింత నష్టపోతుంది. జీటీ 730 మీద 4 జీబీ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా అది 2014 నాటి బలహీనమైన కార్డే. మెమరీ పెద్దదైనంత మాత్రాన లెక్క కట్టే శక్తి రాదు.

కార్డు బిగించాక చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మానిటర్ కేబుల్‌ను అలవాటుగా పాత చోటనే, అంటే మదర్‌బోర్డు పోర్టులోనే పెట్టి, కొత్త కార్డు పనిచేయడం లేదని దుకాణానికి మోసుకుపోతారు. కేబుల్ కార్డుకు ఉన్న పోర్టులోకి మార్చాలి. మీ మానిటర్‌కు ఫ్రీసింక్ ఉంటే దానిని ఆన్ చేసుకోండి. ఫ్రేముల వేగం కొద్దిగా అటూ ఇటూ అయినప్పుడు తెర తన వేగాన్ని దానికి తగ్గట్టు మార్చుకుంటుంది కనుక కుదుపు మాయమవుతుంది. ఎన్వీడియా కార్డులకు ఈ సదుపాయం ఇటువంటి మానిటర్ల మీద సాధారణంగా డిస్‌ప్లేపోర్ట్ ద్వారానే అందుతుంది. మీ మానిటర్‌కు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే, ఏఎండీ కార్డు వైపు మొగ్గడానికి అది బలమైన కారణం.

డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ అనే పద్ధతుల గురించి కూడా వినే ఉంటారు. తక్కువ చుక్కలతో బొమ్మ గీసి పెద్దది చేసి చూపడం వాటి పని. ఫుల్ హెచ్‌డీ తెర మీద క్వాలిటీ స్థాయిలో కార్డు లోపల గీసేది 1280×720 బొమ్మే కాబట్టి దూరపు కొమ్మలూ తీగలూ కాస్త అలుక్కుపోయినట్టు కనిపించవచ్చు. మధ్యలో కల్పిత ఫ్రేములు చొప్పించే పద్ధతిని మాత్రం, అసలు ఫ్రేములు 60 దగ్గర ఉన్నప్పుడే వాడండి. 30 ఉన్నదాన్ని 60గా చూపించినా, మౌస్ కదిపిన తరువాత తెర కదలడానికి పట్టే ఆలస్యం తగ్గదు.

ప్రశ్న: నేను భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 కార్డు ఉన్నాయి. కొత్త ఆటల్లో 40 ఫ్రేములు కూడా రావడం లేదు. ఆర్‌టీఎక్స్ 5070 వేస్తే సరిపోతుందా?

జవాబు: డబ్బు పెట్టకుండానే చేసి చూడగలిగిన పరీక్ష ఒకటి చెబుతాను. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న ఆటను తెరిచి, ఒక రద్దీ ప్రదేశంలో నిలబడి ఫ్రేముల సంఖ్య రాసుకోండి. తరువాత సెట్టింగుల్లో రిజల్యూషన్‌ను 1280×720కు దించి, అదే చోట మళ్లీ చూడండి. సంఖ్య బాగా పెరిగితే ఇన్నాళ్లూ ఆపుతున్నది కార్డు. దాదాపు కదలకపోతే ఆపుతున్నది ప్రాసెసర్. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కార్డు వాడకం శాతాన్ని కూడా తెర మూలన చూడవచ్చు. అది 97, 98 దగ్గర ఉంటే కార్డు తన శక్తి కొద్దీ పనిచేస్తున్నట్టు, 60 దగ్గర ఆగిపోతే ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తున్నట్టు.

నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు గల మీ ప్రాసెసర్ మీద చాలా ఆటల్లో రెండోదే జరుగుతుంది. 250 వాట్ల 5070ను దానికి తగిలిస్తే దాని సత్తాలో అధిక భాగం వృథా. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, మీ ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ముందు మార్చి, అదే 1060తో ఆరు నెలలు గడపండి. కార్డు సంగతి ఆ తరువాత.

ప్రశ్న: మాది అంతర్వేది దగ్గర సముద్రానికి చేరువలోని ఊరు. మా తమ్ముడి కార్డు రెండేళ్లకే పోయింది. ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే కంప్యూటర్ ఆగిపోతోంది. క్యాబినెట్ తాకితే జివ్వుమంటోంది. కొత్త కార్డు కొనాలంటే భయంగా ఉందండి.

జవాబు: మీ భయం న్యాయమైనది. కొత్త కార్డు కంటే ముందు ఆ జివ్వుమనడాన్ని సరిచేయించండి. అది మీ ప్లగ్గుకు ఎర్త్ లేదన్న హెచ్చరిక. ప్రతి ఎస్ఎంపీఎస్‌లోనూ కరెంటులోని మలినాలను ఎర్త్‌లోకి పంపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు ఆ కరెంటు పోవడానికి చోటులేక క్యాబినెట్ రేకు మీదకు చేరుతుంది. మన డెల్టా నేలలో కొద్ది లోతులోనే తడి తగులుతుంది కనుక మంచి ఎర్త్ వేయించడం మెట్ట ప్రాంతాల్లో కంటే తేలిక. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ గొయ్యి తీయించి, ఆ వైరు మూడో పిన్ను దాకా నిజంగా వచ్చిందో లేదో మీటరుతో చూపించమనండి.

ఇక ఇన్వర్టర్. సైన్ వేవ్ కాని ఇన్వర్టర్లు ఇచ్చే మొరటు తరంగం మంచి ఎస్ఎంపీఎస్‌లకు సరిపడదు, కొన్ని వెంటనే ఆగిపోతాయి కూడా. సైన్ వేవ్ ఇన్వర్టరే అయితే దాని వెనుక యూపీఎస్ మోడ్ మీట ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే వ్యవధి ఫ్యాన్లకూ లైట్లకూ తెలియదు గాని కంప్యూటర్‌కు చాలా ఎక్కువ. విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకుంటే, 600 వీఏ అని రాసి ఉన్నవాటిలో చాలావాటి అసలు సామర్థ్యం 360 వాట్లేనని గుర్తుంచుకోండి. ఆట నడుస్తుండగా మీ కంప్యూటర్ మానిటర్‌తో కలిపి 300 వాట్లు లాగితే, అది ఆట ముగించి కంప్యూటర్‌ను సక్రమంగా ఆపే వ్యవధి మాత్రమే ఇస్తుంది. 300 వాట్ల చొప్పున రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు 36 యూనిట్లు అవుతాయన్న లెక్కను కూడా ఇంట్లో వారికి ముందే చెప్పి ఉంచడం మంచిది.

సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి చిప్పుల లోహపు కాళ్లను తినేస్తాయి. నెలల తరబడి ఆపి ఉంచిన కంప్యూటర్‌కే ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే రోజూ కాసేపు నడిచే యంత్రం తన వేడితోనే తేమను తరిమేసుకుంటుంది. వానాకాలంలో ఆట లేకపోయినా రోజుకో అరగంట నడపండి. క్యాబినెట్‌ను కిటికీకి ఎదురుగా ఉంచకండి, వరద భయం ఉన్న లంక గ్రామాల్లో నేల మీద అసలే ఉంచకండి. కొబ్బరి పీచు పరిశ్రమల దగ్గర పొట్టు, రైస్ మిల్లుల దగ్గర ఊక బూడిద కార్డు వేడిని బయటికి పంపే పలుచటి రేకుల (ఫిన్నుల) మధ్య మెత్తటి దిండులా పేరుకుంటాయి. మండపేటలో ఉన్నప్పుడు నేను ఆర్నెల్లకొకసారి విప్పి చూస్తే, ఫ్యాన్ల కింద బూడిద పొరలు పొరలుగా ఊడివచ్చేది. ప్లగ్గు తీసేసి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదించండి. రెక్కను వదిలేస్తే గాలికి అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది.

వేసవి మాట కూడా చెప్పాలి. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు 70 డిగ్రీల దగ్గర పనిచేసే కార్డు, గది 40 డిగ్రీలకు చేరితే 85 దాకా పోతుంది. అక్కడ అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, మధ్యాహ్నం ఆటలో కుదుపు వచ్చి రాత్రికి పోవడానికి కారణం అదే. కంప్యూటర్ బల్లలో తలుపులున్న అర ఉంటే ఆ తలుపులు తీసివేయించండి. ఫ్రేముల సంఖ్యను మానిటర్ వేగం దగ్గర ఆపివేయండి, కార్డు పవర్ లిమిట్‌ను పది శాతం తగ్గించండి. వేగంలో పోయేది స్వల్పం, వేడిలో తగ్గేది కళ్లకు కనిపిస్తుంది. మీ వంటి చోట ఉండేవారికి 115, 130 వాట్ల కార్డే తీసుకోమని నేను గట్టిగా చెబుతాను.

ప్రశ్న: మా అబ్బాయి పాలకొల్లు నుంచి కాకినాడ కాలేజీకి వెళుతున్నాడు. ఆటలు కూడా ఆడుకునే ల్యాప్‌టాప్ కావాలంటున్నాడు. రెండు దుకాణాల్లోనూ ఆర్‌టీఎక్స్ 4060 అనే చెబుతున్నారు గాని ధరలో చాలా తేడా ఉంది. మోసం ఏమైనా ఉందా బాబూ?

జవాబు: మోసం కాదమ్మా, పేరు ఒకటే అయినా శక్తి ఒకటి కాదు. ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఆర్‌టీఎక్స్ 4060ను తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు తన ఇష్టం వచ్చిన చోట నిలపవచ్చు. తక్కువ వాట్ల దగ్గర ఆపినది పలుచగా, తేలికగా ఉంటుంది, ఆటలో వెనుకబడుతుంది. దుకాణంలో టీజీపీ, అంటే ఆ కార్డుకు కేటాయించిన వాట్లు, ఎంత అని అడగమనండి. జవాబు చెప్పలేకపోతే ఆ మోడల్ పేరు రాసుకుని కంపెనీ వెబ్‌సైటులో చూసి రమ్మనండి. హాస్టల్ నుంచి రోజూ మోయవలసినది కాబట్టి చార్జర్‌తో కలిపి బరువు కూడా మీ చేత్తో ఎత్తి చూడండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో పాత కార్డు సగం ధరకే వస్తోంది. కొనవచ్చా? – తణుకు పాఠకుడు

జవాబు: ఎదురుగా నడిపి చూపిస్తేనే కొనండి. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో నాణెం తన పద్ధతి మార్చుకున్నాక, అప్పటిదాకా పగలూ రాత్రీ మైనింగ్ (ఆ నాణేలు సంపాదించే లెక్కలు) చేసిన కార్డులు పెద్ద సంఖ్యలో పాత సరుకు బజారుకు వచ్చాయి. అవన్నీ పనికిరానివని కాదు, ఫ్యాన్లూ, చిప్పు వేడిని రేకులకు చేరవేసే థర్మల్ పేస్టూ మార్పించవలసి వస్తుందని లెక్క వేసుకోండి. అంతకంటే పెద్ద ప్రమాదం, ఎప్పటిదో పాత చిప్పులో బయాస్ మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని చూపించే నకిలీ కార్డులు. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి వాటిలో చాలావాటిని నకిలీ అని పేరు ముందే చూపిస్తుంది. అందులో చూశాక, ఏదైనా పెద్ద ఆటను అరగంట ఆపకుండా నడపమనండి. తెర మీద రంగు గీతలు రాకుండా, కంప్యూటర్ దానంతటది ఆగిపోకుండా ఉంటే, సీరియల్ నంబరుతో వారంటీ ఎంత మిగిలి ఉందో కంపెనీ వెబ్‌సైటులో సరిచూసి, అసలు బిల్లు చేతికి తీసుకున్నాకే డబ్బు ఇవ్వండి.